ప్రమాదం వీధిలో అందరికీ తెలుసు, బాగుచేయాల్సింది ఎవరో తేలదు

గుంటూరులో గానీ విజయవాడలో గానీ ఏదో ఒక వీధిలోకి వెళ్లి ఇక్కడ ఏం ప్రమాదం ఉందండీ అని అడిగితే రెండు నిమిషాల్లో చేయి పట్టుకుని తీసుకెళ్లి చూపిస్తారు. మలుపులో మూత పగిలిన మ్యాన్‌హోల్, స్కూల్ గోడ పక్కన కంచె లేకుండా నేల మీదే ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, నెలల తరబడి వెలగని లైట్లు, రాత్రి పది దాటితే బండి వెనక పడే కుక్కలు, మురుగు వాసనొచ్చే కుళాయి నీళ్లు. అంటే ఇవి ఎవరికీ తెలియక జరిగే ప్రమాదాలు కాదు. ఏదైనా జరిగిన మర్నాడు పేపర్లో "ఎన్నిసార్లు చెప్పినా పట్టించుకోలేదు" అని స్థానికుల మాట ఒకటి కచ్చితంగా ఉంటుంది, చాలాసార్లు అది నిజమే.

మరి చెప్పిన మాట పనిగా ఎందుకు మారట్లేదు? నిర్లక్ష్యం, అవినీతి అని రెండు మాటలు అనేసి ఊరుకుంటాం. అవి ఉన్నాయి, లేవని ఎవరూ అనరు. కానీ వాటితోపాటు ఇంకోటి కూడా ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. మన ఊళ్లో ప్రతి ప్రమాదమూ రెండు మూడు శాఖల హద్దు మీద ఉంటుంది, కంప్లైంట్ సరిగ్గా ఆ హద్దు దగ్గరికి వెళ్లి ఆగిపోతుంది.

వీధి లైటునే తీసుకోండి, ఇంతకన్నా చిన్న పని ఉండదు. స్తంభం కరెంటు కంపెనీది, మన రెండు ఊళ్లకీ ఏపీసీపీడీసీఎల్. దాని మీద బిగించిన లైటు కార్పొరేషన్‌ది. లైటు మాడిపోతే కార్పొరేషన్ వాళ్లు మార్చాలి, వైరు తెగితే కరెంటోళ్లు చూడాలి, చెట్టు కొమ్మ అడ్డమొచ్చి వెలుగు కింద పడకపోతే ఆ కొమ్మ కొట్టాల్సింది ఎవరో మళ్లీ అడగాలి. లైన్‌మ్యాన్‌ని అడిగితే "అది మాది కాదండీ, మున్సిపాలిటీ వాళ్లకి చెప్పండి" అంటాడు, వార్డు సచివాలయంలో అడిగితే "స్తంభంలో సప్లై లేదండీ, 1912కి చేయండి" అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఎవరి మేరకు వాళ్లు కరెక్టే. మధ్యలో ఆ వీధి మాత్రం చీకట్లోనే ఉంటుంది, ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు ఇంకో వీధి చుట్టూ తిరిగి వస్తుంటారు.

లైటుకే ఇంత ఉంటే మిగతావాటి సంగతి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఒకే ఊళ్లో ఒక రోడ్డు కార్పొరేషన్‌ది, దానికి కలిసే రోడ్డు రోడ్లు భవనాల శాఖది (ఆర్ అండ్ బీ), ఆ పైది జాతీయ రహదారుల సంస్థది. విజయవాడ మధ్య నుంచి పోయే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ జలవనరుల శాఖవి, ఆ గట్ల పక్కన మనుషులుండే వీధులు కార్పొరేషన్‌వి. కొండ మీద ఇళ్లకి పన్ను వేసేది ఒకరు, ఆ కొండ భూమి లెక్క చూసేది రెవెన్యూ. గోతిలో బండి పడి చెయ్యి విరిగినవాడికి అది ఏ శాఖ గొయ్యో ఎలా తెలుస్తుంది?

రాజ్యాంగంలో దీనికి ఒక దారి పెట్టారు. 74వ సవరణ 1992లో పాసై 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చింది, దాంతో 12వ షెడ్యూల్ వచ్చింది, అందులో పట్టణ స్థానిక సంస్థలకి ఇవ్వదగిన పనులు 18 ఉన్నాయి. మంచినీళ్లు, రోడ్లు, పారిశుధ్యం, వీధి దీపాలు, భవనాల నియంత్రణ, చివరికి ఫైర్ సర్వీస్ కూడా ఆ లిస్టులో ఉంది. కానీ ఏవేవి నిజంగా అప్పగించాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు, అందుకే మన దగ్గర ఫైర్ స్టేషన్ ఇప్పటికీ రాష్ట్ర శాఖ కిందే ఉంది, మేయర్‌కి దాని మీద అధికారం లేదు. పోలీసు అయితే ఆ లిస్టులోనే లేదు. దొంగతనాలు పెరిగాయని కార్పొరేటర్ ఇంటికెళ్లి అడిగేవాళ్లు చాలామంది, ఆయన చేయగలిగింది సీఐ గారికి ఫోన్ చేయడం వరకే.

పైగా అడగడానికి అసలు ఎన్నికైన మనిషే లేని కాలం కూడా మనకి ఉంది. గుంటూరు మున్సిపాలిటీ 1866 నాటిది, 1994లో కార్పొరేషన్ అయింది, అంత పాత ఊరికి 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన కౌన్సిల్ లేదు. పదేళ్ల పైన స్పెషల్ ఆఫీసర్ల పాలన. కమిషనర్లు వస్తారు, పోతారు, మంచివాళ్లు కూడా వచ్చారు, కానీ ఫలానా వీధిలో ఫలానా కాలువ ప్రతి వానకీ పొంగుతుంది అనే సంగతి ఫైల్లో కన్నా మనుషుల నోట్లో ఎక్కువ ఉంటుంది. ఆ సంగతిని కౌన్సిల్ హాల్లో నిలబడి గొడవ పెట్టుకుని చెప్పే గొంతు లేకపోతే అది అక్కడికక్కడే పోతుంది. ఎన్నికలు వాయిదా వేయడాన్ని రాజకీయ వార్తగా చదివి వదిలేస్తాం గానీ అది భద్రతకి సంబంధించిన వార్త కూడా.

ఆ కౌన్సిల్ లేని రోజుల్లోనే, 2018 మార్చిలో, గుంటూరు పాత ఊళ్లో ఆనందపేట, ఆ చుట్టుపక్కల వీధుల్లో అతిసారం వచ్చింది. వందల మంది ఆస్పత్రిపాలయ్యారు, ప్రాణాలు పోయాయి. కారణం తాగే నీళ్లలో మురుగు కలవడం. ఈ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇది ఒక్క ఊరి సమస్య కాదు, కుళాయి ఉన్న ప్రతి పాత వీధి సమస్య.

గుంటూరుకి నీళ్లు కృష్ణ నుంచి వస్తాయి, తక్కెళ్లపాడు, సంగం జాగర్లమూడి లాంటి చోట్ల శుద్ధి చేసి పంపిస్తారు. అక్కడ నీళ్లు బాగానే ఉంటాయి. చెడిపోయేది ఇంటి ముందు. పాత వీధుల్లో మెయిన్ పైపు నుంచి ఇంటికి తీసుకునే సన్న పైపు చాలా చోట్ల సైడు కాలువ దాటి వస్తుంది, కొన్ని చోట్ల ఏకంగా కాలువ లోపలి నుంచే పోతుంది, రోజంతా మురుగులో నానుతుంటుంది. ఇనప పైపైతే కొన్నేళ్లకి తుప్పు పట్టి సన్న చిల్లులు పడతాయి. నీళ్లు వదిలినప్పుడు లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఆ చిల్లుల్లోంచి మంచినీళ్లు బయటికి కారతాయి, అది లీకేజీ, నష్టం డబ్బులోనే. కానీ మనకి నీళ్లు రోజంతా రావు కదా, గంటో రెండు గంటలో ఇచ్చి కట్టేస్తారు. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, లోపల ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు అవే చిల్లుల్లోంచి బయటి మురుగు లోపలికి వస్తుంది. దీనికి తోడు ఇళ్లలో కుళాయికి డైరెక్టుగా మోటారు బిగిస్తారు, ఒక ఇంట్లో మోటారు వేస్తే అది పక్కవాళ్ల పైపులో మిగిలిన నీళ్లనే కాదు, చిల్లు దగ్గర ఉన్న మురుగుని కూడా లాగుతుంది. మర్నాడు నీళ్లు వదలగానే మొదట వచ్చే రెండు బిందెలూ అవే. అందుకే కుళాయి రాగానే కాసేపు వదిలేసి తర్వాత పట్టుకోవాలని పెద్దవాళ్లు అంటారు, అది కొంతవరకు మంచిదే గానీ పైపు మార్చడానికి అది బదులు కాదు.

దీన్ని కనిపెట్టడం కూడా కష్టం కాదు. కుళాయి నీళ్లు చిన్న గొట్టంలో పట్టి రెండు మూడు చుక్కల మందు వేస్తే క్లోరిన్ ఉంటే పసుపు రంగుకి వస్తుంది. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. ట్యాంకు దగ్గర క్లోరిన్ ఉండి వీధి చివర లేదంటే మధ్యలో ఏదో కలుస్తోందని అనుమానించాలి, జ్వరాలూ విరేచనాలూ మొదలవడానికి ముందే తెలిసిపోతుంది. ఆ టెస్టు ట్యాంకు దగ్గర కాదు, వీధి చివరింట్లో చేయాలి, దాని ఫలితం సచివాలయం బోర్డు మీద రాయాలి. ఇదేమీ కోట్ల పని కాదు. 2024లో గుంటూరులోనూ విజయవాడ మొగల్రాజపురంలోనూ మళ్లీ అతిసారం కేసులు వచ్చాయి. అంటే 2018 తర్వాత అందరికీ తెలిసిన విషయమే ఆరేళ్లు గడిచినా పైపుల దాకా చేరలేదు.

ఇక్కడ కూడా హద్దు గొడవే. నీళ్ల పైపు ఇంజనీరింగ్ సెక్షన్, కాలువ పూడిక శానిటేషన్ సెక్షన్, రోగం వచ్చాక ఆరోగ్య శాఖ. ఇవన్నీ వేరే వేరే శాఖలు కూడా కాదు, మొదటి రెండూ ఒకే బిల్డింగ్‌లో ఉంటాయి. కాలువలో పూడిక తీసే మేస్త్రికి ఏ పైపు కారుతోందో కళ్లారా కనపడుతుంది, కానీ దాన్ని ఫిట్టర్‌కి చెప్పాలని ఆయన డ్యూటీలో ఎక్కడా రాసుండదు.

పెద్ద ఉదాహరణ బుడమేరు వాగు. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగిపోయాయి, కొన్ని చోట్ల వారం దాటినా నీళ్లు పోలేదు, మేడల మీద జనం పాల ప్యాకెట్ కోసం, మంచినీళ్ల కోసం ఎదురుచూశారు, డ్రోన్లతో తిండి అందించాల్సొచ్చింది. ముందుగా ఎందుకు హెచ్చరించలేదని వాళ్లంతా గట్టిగా అడిగారు, ఆ ప్రశ్నకి విలువ ఉంది. ఎందుకంటే బుడమేరు కొత్తగా వచ్చిన వాగు కాదు, 2005లో కూడా ఇదే ఊరిని ముంచింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది, ఊరి మీదకి రాకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, డైవర్షన్ ఛానల్ తవ్వి నీళ్లని కృష్ణలోకి మళ్లించారు. ఏర్పాటు బాగానే ఉంది, కానీ దానికి ఒక షరతుంది, ఆ టైంలో కృష్ణలో వరద తక్కువ ఉండాలి. 2024లో రెండూ ఒకేసారి వచ్చాయి, సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అది రికార్డు. నది నిండుగా ఉంటే ఛానల్ నీళ్లు ముందుకి పోవు, వెనక్కి ఎగతంతాయి, గట్లకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, ఆర్మీ వచ్చి సాయం చేస్తే గానీ పూడ్చలేకపోయారు.

ఇప్పుడు ఈ బుడమేరు ఎవరిది? రెగ్యులేటర్, ఛానల్ జలవనరుల శాఖవి. వాగు పక్కన ఆక్రమణలు రెవెన్యూ చూడాలి, కట్టిన ఇళ్లకి ప్లాన్ ఇచ్చిందో ఇవ్వలేదో టౌన్ ప్లానింగ్ చెప్పాలి. పైన ఊళ్లు పంచాయతీలు, కింద కార్పొరేషన్. మధ్యలో రైల్వే వంతెనలు, రోడ్డు వంతెనలు. ఊళ్లో వాననీళ్లు పోవడానికి విజయవాడకి కేంద్రం 461 కోట్లతో స్టార్మ్ వాటర్ డ్రెయిన్ల ప్రాజెక్టు ఇచ్చింది, 2024 వానలొచ్చేసరికి అది ఇంకా సగంలోనే ఉంది. అదే ఊళ్లో కృష్ణలంక వైపు నది పక్కన రిటైనింగ్ వాల్ కట్టారు, రెండు ప్రభుత్వాల టైంలో విడతలు విడతలుగా కట్టారు, 11 లక్షల క్యూసెక్కులు వచ్చినా ఆ గోడ వెనక వేల ఇళ్లు నిలబడ్డాయి. గోడ ఘనత ఎవరిదని రెండు పార్టీలూ కొట్టుకుంటాయి గానీ నేర్చుకోవాల్సింది వేరే ఉంది, ప్రభుత్వం మారినా పని ఆగకపోతే మనుషులు బతుకుతారు. బుడమేరు వైపు 2005 తర్వాత ఛానల్ వెడల్పు పనులు మొదలై మధ్యలో ఆగాయి, తేడా అక్కడే ఉంది.

వరదకి ఒక్కరోజు ముందు, ఆగస్టు 31న, మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. కొండలని తొలిచి కట్టుకున్న ఇళ్లు గుణదల, మాచవరం, విద్యాధరపురం వైపు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లని ఖాళీ చేయమనడం తేలిక, పనికి వెళ్లే దూరంలో ఇంకో చోట ఇల్లు చూపించకుండా ఖాళీ చేయమంటే ఎవరూ వెళ్లరు, వెళ్లమనడం న్యాయం కూడా కాదు. చూపించేదాకా కనీసం ఏ రాయి కదులుతోందో ప్రతి జూన్‌కి ముందు ఇంజనీరు వచ్చి చూడాలి, నోటీసు గోడకి అంటించి పోతే అది పని కాదు, రేపు ఏదైనా అయితే "మేం చెప్పాం" అనడానికి కాగితం మాత్రమే.

కుక్కల విషయంలో జనం కోపం బాగా ఎక్కువ, గుంటూరులో పసిపిల్లాడు కుక్కల దాడిలో చనిపోయాక అది ఇంకా పెరిగింది, పెరగడం సహజం. అన్నిటినీ పట్టుకుపోండి అంటారు. కానీ కుక్కల సంతానం పెరగకుండా చూసే 2023 ఏబీసీ రూల్స్ ప్రకారం మామూలుగా కుక్కని పట్టి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, ఆ బాధ్యత స్థానిక సంస్థదే. ఈ పని పనిచేయాలంటే ఒక ఏరియాలో దాదాపు అన్నిటికీ తక్కువ టైంలో అయిపోవాలి, పది కుక్కలకి చేసి ఇరవై వదిలేస్తే ఆరు నెలల్లో మళ్లీ అదే లెక్క. మన దగ్గర జరిగేది ఎక్కువగా రెండో రకం, గొడవైనప్పుడు వ్యాన్ వస్తుంది, గొడవ చల్లారాక రాదు. మాంసం దుకాణాల చెత్త, ఫంక్షన్ హాళ్ల వెనక పారేసే అన్నం ఆపకపోతే ఆపరేషన్లు చేసినా గుంపులు అక్కడే చేరతాయి, అది శానిటేషన్ పని.

భద్రత అనగానే ఈమధ్య అందరూ అడిగేది సీసీ కెమెరాలు. వంద మందికి పైగా గుమిగూడే షాపులు, హాళ్లు, ఆస్పత్రులు కెమెరాలు పెట్టి తీరాలని 2013లోనే ఉమ్మడి రాష్ట్రంలో పబ్లిక్ సేఫ్టీ చట్టం తెచ్చారు, గొలుసు దొంగల్ని పట్టుకోవడంలో అవి పోలీసులకి బాగా ఉపయోగపడుతున్నాయి. కానీ కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, లైటు జరగకుండా ఆపుతుంది. చందాలేసుకుని అపార్ట్‌మెంట్ ముందు నాలుగు కెమెరాలు పెట్టుకున్న వీధిలో లైట్లు వెలగట్లేదంటే ముందు చేయాల్సిన పని వెనక్కి పోయినట్టే. ఇంకోటి, కెమెరా పెట్టించడం ఫొటోకి బాగుంటుంది, రిబ్బన్ కట్ చేయొచ్చు, కాలువలో నానే పైపు మార్చినందుకు ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. నాయకులు కనపడే పనికే మొగ్గుతారు, అందుకే కనపడని పని గురించి జనమే పట్టుబట్టి అడగాలి. మంటల విషయం కూడా అలాంటిదే. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ పేషెంట్ల కోసం వాడుతున్న హోటల్లో మంటలొచ్చి 10 మంది చనిపోయారు, ఆ వారమంతా తనిఖీలు జరిగాయి. తనిఖీ చేయాల్సింది అంతకుముందు వారం.

డబ్బు దారి కూడా తెలుసుకోవాలి, లేకపోతే ఎక్కడ ఆగిందో అర్థం కాదు. ఒక కాలువ మీద పలకలు వేయాలంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి కొలిచి ఎస్టిమేట్ వేయాలి, పైవాళ్లు టెక్నికల్ శాంక్షన్ ఇవ్వాలి, మొత్తాన్ని బట్టి కమిషనరో స్టాండింగ్ కమిటీయో కౌన్సిలో ఆమోదించాలి, టెండర్ పిలవాలి. ఇదంతా అయ్యాక టెండర్‌కి ఎవరూ రాకపోవచ్చు, పాత బిల్లులు రాని కాంట్రాక్టర్ కొత్త పనికి రాడు. అందుకే మూడు నెలల తర్వాత వెళ్లి "మా కాలువ ఏమైంది" అని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. అలా కాకుండా ఎస్టిమేట్ నంబర్ ఎంత, శాంక్షన్ ఏ తేదీన అయింది, టెండర్‌కి ఎవరైనా వచ్చారా అని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది, అడిగేవాళ్లకి దారి తెలుసని అర్థమవుతుంది.

కంప్లైంట్ పెట్టే విధానంలోనే సగం పని ఉంది. "మా ఏరియాలో డ్రైనేజీ బాలేదు" అని పెడితే అది రెండ్రోజుల్లో క్లోజ్ అయిపోతుంది, ఎవరో వచ్చి ఎక్కడో పార వేసి ఫొటో అప్‌లోడ్ చేస్తారు. స్తంభం నంబర్, ఇంటి నంబర్, ఫొటో, ఎప్పట్నుంచి, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ తేదీ, ఇవి ఉండాలి. 2019 అక్టోబర్ 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి, అందులో రోడ్లు, నీళ్లు చూసే అమెనిటీస్ సెక్రటరీ, చెత్త, కాలువలు చూసే శానిటేషన్ సెక్రటరీ, ఇళ్ల ప్లాన్లు చూసే ప్లానింగ్ సెక్రటరీ, కరెంటు చూసే ఎనర్జీ సెక్రటరీ వేరువేరుగా ఉంటారు, ఎవరి దగ్గరికెళ్లాలో తెలిస్తే ఒక రోజు మిగులుతుంది. అక్కడ కదలకపోతే సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి నంబర్ తీసుకోవాలి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయల ఫీజుతో అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. రెండు శాఖల మధ్య ఇరుక్కున్న విషయానికి ఇది బాగా పనికొస్తుంది, ఎందుకంటే "ఈ ట్రాన్స్‌ఫార్మర్‌కి కంచె వేయాల్సింది మేం కాదు" అని ఒకరు కాగితం మీద రాసిచ్చాక రెండోవాళ్లు తప్పించుకోలేరు.

ఒక్కళ్లు తిరిగితే అలసిపోతారు, అది కూడా నిజం. కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం అందరివల్లా కాదు, కాలువ గట్టు మీదా కొండ మీదా ఉండేవాళ్లకే ప్రమాదం ఎక్కువ, వాళ్లకే టైం తక్కువ. అందుకే అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు తమ గేటు లోపలి సంగతి దగ్గరే ఆగిపోకుండా పక్క పేట పైపు గురించి కూడా అర్జీలో రాయాలి, రెండూ ఒకే మెయిన్ లైన్ నీళ్లు తాగుతున్నాయి.

చట్టంలో ఈమధ్య ఒక మార్పు వచ్చింది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడట్లేదు. ఇన్నాళ్లూ విపత్తుల విషయంలో అధికారం అంతా జిల్లా స్థాయిలో కలెక్టర్ దగ్గర ఉండేది. 2025లో విపత్తుల నిర్వహణ చట్టాన్ని సవరించి, రాష్ట్ర రాజధానులకీ మున్సిపల్ కార్పొరేషన్లున్న పెద్ద నగరాలకీ పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకోవచ్చన్నారు, దానికి మున్సిపల్ కమిషనర్ చైర్మన్, కలెక్టర్ వైస్ చైర్మన్. జలవనరులు, కరెంటు, పోలీసు, ఫైర్, రెవెన్యూ అందర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి పని పంచడానికి చేతికొచ్చిన అవకాశం ఇది. కాగితం మీద కమిటీ వేసి ఏడాదికోసారి టీ తాగి లేస్తే ఉపయోగం లేదు. ప్రతి డివిజన్ నుంచి ప్రమాదం ఉన్న చోట్ల లిస్టు ఏప్రిల్‌లోనే తెప్పించి, ఒక్కో దాని పక్కన ఏ శాఖ, ఏ ఆఫీసర్, ఏ తేదీలోపు అని రాసి, ఆ లిస్టుని సచివాలయం గోడ మీద పెట్టమని విజయవాడలో 64 డివిజన్ల వాళ్లూ గుంటూరులో 57 డివిజన్ల వాళ్లూ ఇప్పుడే అడగాలి, జూన్‌లో వానలు మొదలయ్యాక అడిగితే మళ్లీ పడవల గురించే మాట్లాడుకోవాల్సొస్తుంది.